ఒరేయ్ శీనూ, చదివింపుల పుస్తకం సంగతి విను

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టకు. అమ్మ మోకాలు పర్వాలేదు, పిల్లకి బీఫార్మసీలో సీటొచ్చింది, మిగతావన్నీ మామూలే. అసలు సంగతి తుళ్లూరు బాబాయి వాళ్లమ్మాయి పెళ్లిలో జరిగింది, నీకు చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

చదివింపుల దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్నది నేనే (నవ్వకు, ఆ రెండు రూపాయల గొడవ మళ్లీ ఎత్తకు). వెంకాయమ్మ వచ్చి 1,116 రాయించింది! గుర్తుందిగా, బాబాయి తోటలో కూరగాయల కోతకొచ్చేది, నిన్ను 'పొట్లకాయ' అనేది. సొంతానికి సెంటు భూమి లేదు. 2015లో ఊళ్లో పొలాలు దాదాపు అన్నీ అమరావతి రాజధాని కోసం ప్రభుత్వం చేసిన భూసమీకరణలోకి వెళ్లాక ఆ కూలీ కూడా పోయింది. బాబాయికి జరీబు (నది ఒడ్డు సారవంతమైన భూమి) ఎకరానికి ప్రభుత్వం నుంచి ఏటా 50,000 కౌలు, పైగా ఏడాదికేడాది పెరుగుతూ, భూమికి బదులిచ్చిన ప్లాట్లు వేరే. ఆమెకి భూమిలేని కూలీల పింఛను, అప్పట్లో నెలకి 2,500. ఆ 1,116 కూడా డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుందని పిన్ని తర్వాత చెప్పింది.

బాబాయి పుస్తకంలోకి తొంగిచూసి, "దీనికెందుకురా ఈ దర్జా?" అన్నాడు. వెంకాయమ్మ కూతురి పెళ్లికి ఈయన వెళ్లనే లేదు, నా చేత 116 పంపించాడు, అప్పట్లో కొత్త కారు మోజు. ఆమె వినేసింది. ఏమందో తెలుసా, "దర్జా కాదు బాబూ, మీకు మనుషులు లేకపోయినా గడిచిపోద్ది. నాకు అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాలంటే ఎవరిదో ఒకరి బండి కావాలి." అనేసి చక్కగా భోజనాలకెళ్లిపోయింది. బాబాయి మొహం చూడాల్సింది!

ఆయన చెడ్డవాడేం కాదురా. 2019 డిసెంబర్లో అమరావతి ఒక్కటే కాదు, మూడు రాజధానులని అప్పటి ప్రభుత్వం అన్నాక ప్లాట్లు కొనే నాథుడు లేడు, కారు అమ్మేశాడు, అప్పుడు ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు ఆయనే. రాజధాని కోసం రైతులు వేసిన దీక్షా శిబిరంలో కూలీల పక్కనే కూర్చుని పులిహోర తిన్నాడు. మనిషి మారాడని నేను తెగ మురిసిపోయాను. 2024 ఎన్నికల తర్వాత రేట్లు లేచాయి, ఫోనెత్తడం మానేశాడు. అంటే గుణం అనుకున్నదంతా అవసరమేనా? మరి వెంకాయమ్మది మాత్రం... ఆమె దేవతేం కాదు, కుళాయి దగ్గర జుట్లు పట్టుకోవడం మనం చూడలేదూ? కానీ ఆమె లెక్కలో మనుషులున్నారు, ఈయన లెక్కలో గజాలున్నాయి. నువ్వూ నేనూ కూడా, ఉద్యోగాలొచ్చాక, ఊళ్లో ఎంతమందికి... సరే వదిలెయ్.

అదిగో, ఆటో వచ్చేసింది, పిల్లని కాలేజీలో దింపాలి. బాబాయి ఫోన్ చేస్తే నీకేమీ తెలియనట్టే