నీ మూడో ట్యూబు గురించి

చిట్టితల్లీ,

నువ్వు చేసిన మూడో నిక్సీ ట్యూబు (లోపలి నియాన్ గ్యాసుతో అంకెలు వెలిగే గాజు గొట్టం) ఫోటో రాత్రి చాలాసేపు చూశాను. మొదటి రోజు చక్కటి నారింజ రంగులో వెలిగిన అంకె, రెండు రోజులకే ఊదా రంగుకి తిరిగిందని దిగులుపడుతున్నావు. నియాన్ పాడవలేదమ్మా, లోపలికి గాలి చేరింది. నియాన్ ఇచ్చేది నారింజ రంగు. అందులో గాలిలోని నైట్రోజన్ కాస్త కలిసినా వెలుగు ఊదాకి తిరుగుతుంది.

గాలి ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలంటే తీగలు గాజులోంచి బయటికొచ్చే చోటు చూడు. నేనైతే ముందు అక్కడే అనుమానిస్తాను. భూతద్దం పెట్టి ఒక్కో తీగనీ తిప్పి తిప్పి చూడు. నువ్వు వాడింది డ్యూమెట్ తీగ కదా, లోపల నికెల్-ఇనుము, పైన రాగి తొడుగు. అతుకు బాగా కుదిరితే గాజు లోపల తీగ ఎర్రగా, రాగి రంగులో మెరుస్తుంది. నల్లగా కనిపిస్తే మంటలో ఎక్కువసేపు ఉంచావని అర్థం. తీగ వెంట సన్నటి బుడగలు వరసగా ఉంటే గాలికి దారి అదే.

అతుకు బాగున్నా గాజు మోసం చేయొచ్చు. నా రెండో ట్యూబుని కొలిమిలోంచి పూర్తిగా చల్లారకముందే తొందరపడి తీసేశాను. అర్ధరాత్రి బల్ల మీద 'టిక్' మని చిన్న శబ్దం. పొద్దున చూస్తే తీగల చుట్టూ వెంట్రుకంత పగులు. ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. అప్పటినుంచి కొలిమి ఆపేశాక మర్నాటి దాకా తలుపు తియ్యను. నువ్వూ తియ్యకు.

ఇంకోటి. గాలిని లాగేసే పంపు మీద ఉండగానే ట్యూబుని కొన్ని గంటలు బాగా వేడి చెయ్యి. గాజుకి, లోపలి లోహానికి అంటుకున్న తేమ అలా తప్ప వదలదు. ఈ పనిలో అందరూ విసుగుపడేది ఇక్కడే, కానీ నాకు చాలా ఇష్టమైన ఘట్టం కూడా ఇదే. లోపలి ఒత్తిడి చూపే గేజి ముల్లు నెమ్మదిగా దిగుతుంటే మనసు కుదుటపడుతుంది.

అంకెల వరస గురించి అడిగావు. ట్యూబులో ఒకదాని వెనక ఒకటి పెట్టే అంకెల్ని ఒకటి నుంచి సున్నా దాకా వరుసగా పేర్చనక్కర్లేదు. ఒకదానికొకటి తక్కువ అడ్డొచ్చేలా పేర్చుకో. 1955లో బరోస్ కంపెనీ నిక్సీ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ట్యూబుల్లోనూ అంకెలు ఇలా ఒకదాని వెనక ఒకటే ఉండేవి.

కరెంటు దగ్గర మాత్రం నాకు టెన్షన్ తగ్గదు. వెలగడానికి 170 వోల్టుల దాకా కావాలి. ఒకసారి వెలిగాక గ్యాసు కరెంటుకి అడ్డు చెప్పదు కాబట్టి వరసలో కరెంటుని అదుపులో ఉంచే రెసిస్టర్ తప్పనిసరి. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది. దాన్ని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూసుకున్నాకే ముట్టుకో. ఒంటరిగా ఉన్నప్పుడు అసలు ఆన్ చెయ్యకు తల్లీ.

భూతద్దంలో ఏం కనిపించిందో ఈ రాత్రే రాయి. తీగల రంగు ఒక్కోటీ విడివిడిగా రాయి.

నాన్న