బిడ్డా, మొదటి వారంలోనే అడుగు

బిడ్డా,

ఫోన్‌ల చెప్దామంటే నువ్వు "సరే నాయినా, చూస్తలే" అని రెండు ముక్కల్ల తేల్చేస్తవ్, అందుకే కూసొని రాస్తున్న. చేత్తో రాస్తే నీకు చదవనీకి రాదు కాబట్టి కంప్యూటర్ చదవగలిగే యూనికోడ్‌లనే టైప్ చేసిన, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఆ స్క్రీన్ రీడర్, ఎన్‌వీడీఏ, పెట్టుకొని తీరిగ్గ విను. షాపుల గిరాకి కూడా లేదు, పిల్లల పరీక్షలు అయిపోయినయి, నయీంనగర్ రోడ్డు మీద జెరాక్స్ షాపులన్నీ ఖాళీగనే ఉన్నయి.

మొన్న నిన్ను యూనివర్సిటీల దింపనీకి వచ్చినప్పుడు ఒకటి చూసిన, అప్పుడు అనలేదు. కాజీపేటల రైలెక్కినప్పుడు తెల్లకర్ర నీ చేతిలనే ఉండె, లింగంపల్లిల దిగంగనే మడిచి బ్యాగుల పెట్టుకున్నవ్. పొద్దుగూకినంక మెస్ కాడి నుంచి హాస్టల్ గేటు దాక ఆ చెట్ల కింద నడిచినం కదా, ఆ టైంకు నీకు ఏం కనబడదని నాకు తెలుసు, అయినా కర్ర తీయలే, నా మోచెయ్యి పట్టుకున్నవ్. ఎంత గట్టిగ పట్టుకున్నవంటే రైలెక్కినంక కూడా ఆడ నీ వేళ్లు ఉన్నట్టే అనిపించింది, రేపటి నుంచి ఎవ్వరి చెయ్యి పట్టుకుంటదో అని కాజీపేట దాక అదే ఆలోచన.

నీ కష్టం వేరే రకం. మొత్తం చూపు లేనోళ్లను చూస్తే జనాలకు వెంటనే అర్థమైతది. నీకు రెటినైటిస్ పిగ్మెంటోసా, నడుమ చూపు ఉంటది, పక్కలకు ఉండదు, గొట్టంల నుంచి చూసినట్టు. పగటి పూట నువ్వు నడుస్తుంటే ఎవ్వరూ పోల్చరు. అందుకే ఎవరన్నా పక్క నుంచి నవ్వి పలకరిస్తే నువ్వు చూడకపోతే "పొగరు" అనుకుంటరు, ఎక్స్‌ట్రా టైం అడిగితే "మంచిగనే చూస్తున్నవ్ కదమ్మా" అంటరు. నిన్ను నమ్మించుకునుడే ఒక పని అయిపోయింది, ఆ పని చేసీ చేసీ యాష్టకొచ్చి నువ్వు అడుగుడే మానేసినవ్.

అందుల నా తప్పు ఉన్నది బిడ్డా. డిగ్రీ సెకండియర్ పరీక్ష యాదికున్నదా, నువ్వు చెప్తే రాసిపెట్టే స్క్రైబ్‌గ వస్తదన్న అమ్మాయి రాలే, డ్యూటీల ఉన్న సారు నువ్వే రాసుకో అన్నడు, గేటు కాడ నిలబడి నేను ఏమన్న? "పోనీలే బిడ్డా, ఈసారికి అడ్జస్ట్ గా, పెద్ద సార్లతోని లొల్లి ఎందుకు" అన్న. నువ్వు మూడు గంటలు ఒక లైన్ మీద ఇంకో లైన్ ఎక్కించుకుంట రాసినవ్, రావాల్సిన గంట ఎక్స్‌ట్రా టైం కూడా ఇయ్యలే. బయటికొచ్చి ఒక్క మాట మాట్లాడలే. ఆ రోజు నేను లోపలికి పోయి అడగాల్సి ఉండె. అడగనందుకు ఇయ్యాళటికీ నాకు మనసున పట్టది.

డిగ్రీల ఎట్లనో నడిచింది. సెమిస్టర్‌కు ఒక గైడు, నాలుగు నోట్సులు, అవి రాత్రి షటర్ వేసినంక నేను స్కాన్ చేసుడు, స్కాన్‌ల ఉన్న అక్షరాలను టైప్ అక్షరాలుగ మార్చే ఓసీఆర్ కొట్టుడు, తప్పులు దిద్దుడు. ఆ ఛందస్సు పుస్తకం అయితే నాకు జన్మల మర్చిపోరాదు, 'ప' కనబడ్డ చోటల్లా 'వ' అని పట్టుకుంటుండె, పద్యం వద్యం అయింది, పాదం వాదం అయింది, అవన్నీ దిద్దేసరికి పన్నెండు దాటుతుండె. నాకు అది కష్టమే కాదు, కానీ ఎమ్మేల గట్ల కుదరదు. ఒక్కో పేపర్‌కు పది పదిహేను పుస్తకాలు చెప్తరు, సెమినార్ ఉంటది, టర్మ్ పేపర్ ఉంటది, లైబ్రరీల కూసొని వెతుకుడు ఉంటది. ఇయ్యన్నీ హన్మకొండల ఒక జెరాక్స్ షాపు నుంచి నేను చేస్తనంటే నీ చదువు నా స్పీడుకు ఆగిపోతది.

ఇంకోటి, డిగ్రీల నీకు ఏమేం ఇచ్చిండ్రో కొత్త యూనివర్సిటీకి తెల్వదు. సీటు వచ్చేటప్పుడు వైకల్యం ఉన్నదని చూపే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు పెట్టినం కదా, వాళ్లకు తెలుసు కదా అనుకోకు. ఆ కాగితం అడ్మిషన్ ఫైల్ల ఉంటది, నీకు పాఠం చెప్పే మేడం టేబుల్ మీదికి దానంతట అది రాదు. మళ్ల మొదటి నుంచి చెప్పాలె, అదీ మొదటి వారంలనే, ఇంటర్నల్స్ ముందు రోజు కాదు.

నీలాంటోళ్లకు కావాల్సిన ఏర్పాట్లు చూసే ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఎక్కడున్నదో కనుక్కొని పో. నోటితోని చెప్పి ఊకోకు, మెయిల్ పెట్టు, తేదీ ఉంటది, రేపు "మాకు చెప్పలే" అనరాదు. స్క్రైబ్ కావాలె, ఎక్స్‌ట్రా టైం కావాలె, ఇంటర్నల్స్‌కు కూడా కావాలె అని రాయి. 2018ల సెంట్రల్ గవర్నమెంట్ ఇచ్చిన గైడ్‌లైన్స్‌ల గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండ ఇయ్యాలె అని ఉన్నది, అంటే మూడు గంటల పరీక్షకు గంట. స్క్రైబ్‌ను పరీక్షకు రెండు రోజుల ముందే కలిసి మాట్లాడుకోవచ్చని కూడా అందులనే ఉండె, ఈ మాట ఆ రోజు నాకు తెలిసుంటే ఎంత బాగుండు. రూల్స్ మారుతుంటయి, ఆఫీసుల ఇప్పటి కాపీ తీసుకో.

ఇది ఎవరో దయతోని ఇచ్చేది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చేసిండ్రు, దాంట్ల 21 రకాల వైకల్యాలు ఉన్నయి, తక్కువ చూపు కూడా ఉన్నది. సర్కారు కాలేజీలు, యూనివర్సిటీలల్ల 5 శాతం సీట్లు అందులనే ఉన్నయి, అంతకుముందు 1995 చట్టంల 3 శాతమే ఉండె. సీటు ఇచ్చి చేతులు దులుపుకోమని చట్టం అనలే, చదువుకునేటట్టు ఏర్పాటు కూడా చేయాలె అన్నది. ఎవరన్నా కుదరదంటే ఫిర్యాదు వినేటందుకు గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ అని ఒకరు ఉండాలె, వాళ్ల పేరు అడుగు. అడిగితే చాలు చాలా మంది సార్లు చేసిపెడ్తరు బిడ్డా, చాలా మందికి నిజంగనే తెల్వదు అంతే.

పుస్తకాల సంగతి మాత్రం గట్టిగ చెప్పు, ఇది నాకు తెలిసిన పని. తెలుగు డిపార్ట్‌మెంట్లంటే నోట్సులు సగం 'అను' అనే పాత తెలుగు ఫాంట్స్‌లనే ఉంటయి. కంటికి తెలుగు లెక్కనే కనబడ్తది, లోపల ఉన్నది వేరే, స్క్రీన్ రీడర్‌కు ఇస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీష్ గుర్తులు చదువుతది. కొందరు పేజీ ఫొటో తీసి వాట్సాప్‌ల పడేస్తరు, అది నీకు ఉన్నా లేకున్నా ఒక్కటే. "సార్, యూనికోడ్ వర్డ్ ఫైల్ ఇయ్యండి, క్లాసుకు వారం ముందు ఇయ్యండి" అని అడుగు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నయి, వాళ్లకు రాకపోతే ఫైల్ నాకు పంపుమను, పది నిమిషాల పని, ఆ మాత్రం నేను చేస్త. స్కాన్ చేసుడు దొంగతనం కాదా నాయినా అని అప్పట్ల అడుగుతుంటివి కదా, కాదు, 2012ల కాపీరైట్ చట్టం మార్చిండ్రు, నీలాంటోళ్లు చదువుకోనీకి పుస్తకాన్ని వేరే రూపంలకు మార్చుకోవచ్చు. చూపు సరిగ్గ లేనోళ్ల కోసం ఉన్న సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ లైబ్రరీల కూడా మెంబర్ అయిపో.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నేషనల్ పోర్టల్ల నేనే అప్లై చేస్త, ఇంటి ఆమ్దానీ రెండున్నర లక్షల లోపు ఉండాలె, మనం ఉన్నం. నీ బోనఫైడ్ ఒక్కటి పంపు.

కర్ర మాట కూడా చెప్పి ఆపుత. బంజారాహిల్స్‌ల ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిల కర్రతోని నడిచే ట్రైనింగ్ ఇస్తరు, ఒక శనివారం పోయి రా, కావాలంటే నేను వస్త. నీ రూమ్మేట్‌కు మాత్రం ఇయ్యాళనే చెప్పు, "నాకు పక్కల నుంచి కనబడదు, పేరు పెట్టి పిలువు" అని. అమ్మ అంటున్నది నువ్వు సిగ్గుపడ్తవని. నాకైతే అట్ల అనిపిస్తలేదు, మేము నిన్ను ఎప్పుడూ అడగనియ్యలే, అంతే.

నువ్వడిగిన వ్యాకరణం పుస్తకం 140 పేజీలు దిద్దుడు అయింది, దీంతోనే పంపుతున్న. మిగిలిన 60 పంపను. ఆ 60 పేజీలు సెల్ వాళ్లను అడుగు, మెయిల్ల నాకు కూడా కాపీ పెట్టు. రెండు వారాల్ల రాకపోతే రైలెక్కి వస్త, ఈసారి గేటు కాడ నిలబడ.

అమ్మ మామిడికాయ తొక్కు డబ్బా కట్టి పెట్టింది, మన గల్లీ పోరడు శుక్రవారం హైదరాబాద్ వస్తుండు, వానితోని పంపుతున్న.

మీ నాయిన