ఆ జొన్నలు, ఆ చెంబు

చిన్నా,

నువ్వు పంపిన 'మా నాయన బాలయ్య' అందింది. నాలుగు దినాలు పట్టింది చదవనీకి. కండ్లద్దాలు మార్చాలె, ఆ సంగతి వేరే. మీ నాన్న అయితే "ఏం పుస్తకమది, చాయ్ గూడ అడిగితేనే వస్తున్నది" అని ఒకటే నస.

మొన్న ఫోన్ల నువ్వేమన్నవ్? "అమ్మా, ఇది మన కథే గద. మా అమ్మ గూడ గిట్లనే రైల్వే క్వార్టర్ల గటక తాగి పెరిగిందని దోస్తులకు చెప్పిన" అన్నవ్. నేను ఊ అన్న. అన్నకాడి సంది మనసు మంచిగ లేదు. ఫోన్ల చెప్తే నడుమ తెగిపోతదని రాస్తున్న.

నువ్వన్నదాంట్ల సగం నిజమే. నిజాం ఇచ్చిన భూమిని దొర గుంజుకుంటే, వంగపల్లి ఇడిసిపెట్టి రైలుపట్టాల దిక్కు పోయిండు నర్సయ్య. ఆయన కొడుకు బాలయ్య. బాలయ్య కొడుకు ఈ పుస్తకం రాసిన సత్యనారాయణ సారు. వాళ్ళది దళితుల ఇల్లు. రైల్వే కొలువు, కందీలు, పిల్లల చదువుకోసం తండ్రి పడే కొట్లాట చదువుతుంటే మా బాపు కండ్ల ముందర నిలబడ్డడు. కాజీపేట - బల్లార్షా లైను మీద చిన్న టేషన్. ఒకటే అర్ర క్వార్టర్. బాపు గ్యాంగ్‌మన్. పొద్దుగూకినంక వస్తే ఒంటికి చెమట వాసన కన్న పట్టాల తుప్పు వాసనే ఎక్కువుండేది.

నీళ్ళు పట్టుకునేటందుకు ఇంజన్ ఆగినప్పుడు బూడిద దులిపేటోళ్ళు. అండ్ల సగం కాలిన బొగ్గులు ఏరుకొచ్చుడు నా పని. చేతిల రేకుముక్క, భుజం మీద గోనెసంచి. బూడిద పైన చల్లగనే ఉంటది. లోపల నిప్పుంటది. వేలు పెట్టినంకనే తెలుస్తది. నా ఎడమచేతి బొటనవేలు మీది మచ్చ పూరీలు చేస్తుంటే కాలిందని నీకు చిన్నప్పుడు చెప్పిన చూడు, అది అబద్ధం. పూరీలు మా ఇంట్ల ఎక్కడియి?

1974 మే 8 నాడు దేశమంత రైల్వే సమ్మె మొదలైంది. నాకప్పుడు తొమ్మిదేండ్లు. 20 దినాలు నడిచింది. పోలీసులు పట్టుకపోతున్నరని బాపు మా మేనత్త ఊరికి పోయి దాక్కున్నడు. జీతం బంద్. కిరాణం సేటు ఉద్దెర బంద్. అమ్మ మెడల పుస్తెలు తీసి కుదువ పెట్టి పసుపుకొమ్ము కట్టుకున్నది. తర్వాత ఇత్తడి బిందె పోయింది. బిందె పోయినా, దాని జోడు చెంబు మాత్రం ఇంట్లనే మిగిలింది.

బాపు గ్యాంగులనే ఇంకొకాయన ఉండె. ఇద్దరు పక్కపక్కన నిలబడి గడ్డపారలేసి పట్టా జరిపెటోళ్ళు. ఆయన గూడ సమ్మెలనే ఉన్నడు, ఆయనకు గూడ జీతం లేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆయన పెండ్లాం తన తల్లిగారి ఊరి నుంచి జొన్నల మూట నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చింది. "పిల్లలున్న ఇల్లు" అన్నది. అంతే, ఇంకేం అనలే. మూట మా గడప అవతల దించి, నాలుగడుగులు ఎనుకకు జరిగి నిలబడ్డది.

అమ్మ చెంబుతోని నీళ్ళు తెచ్చింది. ఆమె మెట్టు చివర కూసొని మూతికి దోసిలి పట్టింది. అమ్మ మీదికెళ్ళి పోసింది. తాగింది కొంత, మోచేతుల మీదికెళ్ళి కారింది కొంత. కొంగంత తడిసింది. ఇంకొక్క చెంబు అడిగింది, అమ్మ మళ్ళ అట్లనే పోసింది. ఆమె పోయినంక అమ్మ మూట లోపటికి తెచ్చి, జొన్నలు చెరిగి, ఇసుర్రాయిల పోసింది. ఆ రాత్రి గటకల పచ్చిపులుసు పోసుకొని కడుపునిండ తిన్నం. సమ్మె అయిపోయేదాంక ఆ జొన్నలే.

అమ్మ చెడ్డది కాదు బిడ్డా. ఆమె పోతుంటే కండ్లనీళ్ళు పెట్టుకున్నది గూడ. అయినా చెంబు మాత్రం చేతికియ్యలే. చూస్తున్న నాకేమో వింతనే అనిపించలే. ఎండలపడి వచ్చింది, నీళ్ళు తాగింది, పోయింది. యాభై ఏండ్ల సంది ఆ సమ్మె కథ ఎన్నిసార్లు చెప్పుకున్ననో. పుస్తెలు, బిందె, పోలీసులు అన్నీ చెప్పిన. ఈ దోసిలి సంగతి ఒక్కసారి గూడ నోట్లకు రాలే. దాచిపెట్టిన అనుకోకు, నాకు యాదికే లేదు. ఈ పుస్తకం చదువుతుంటే మూడోనాడు రాత్రి యాదికొచ్చింది. ఇదంత దోసిలి పట్టిన దిక్కు నుంచి రాసిన పుస్తకం. నేను చెంబు పట్టిన దిక్కున పెరిగిన.

మా లేమి ఎట్లనో అట్ల తీరింది. నాకు టీచర్ కొలువు వచ్చినంక కరీంనగర్ల కిరాయి ఇల్లు దొరకబట్టిన. ఇంటామె మొదలు కులం అడిగింది, చెప్పిన, తాళంచెవి చేతిల పెట్టింది. నాతోటి ట్రైనింగ్ చేసినామె ముందు వారమే అదే ఇల్లు అడిగిందట. "ఖాళీ లేదు" అన్నరట. ఆమె నవ్వుకుంటనే చెప్పింది. నేను గూడ నవ్విన, సామాను దించుకున్న. గటక ఇద్దరం తాగినోళ్ళమే మరి.

అందుకే మన కథే అనకు. బొగ్గులేరినమని చెప్పుకో, సమ్మెల పస్తులున్నమని చెప్పుకో, నాకేం నామోషీ లేదు. చెప్తే జొన్నలు తెచ్చినామె సంగతి గూడ చెప్పు. పేరు అడిగితే మాత్రం నా దగ్గర లేదు. అమ్మ ఎన్నడూ పేరు పెట్టి పిలువలే, "ఫలానాయన పెండ్లాం" అనేది.

పుస్తకంతోని నాదొక చిన్న పేచీ. నాయన గురించి అంత రాసిండు గద, వాళ్ళమ్మ గురించి ఇంకో పుస్తకం రాస్తే బాగుండు అనిపించింది. ఆడోళ్ళ సంగతులు నడుమ నడుమ వచ్చి పోతుంటే నాకు పానం ఆగలే. నీకు గట్ల అనిపించకపోవచ్చు.

అమ్మమ్మ పోయినంక ఆ చెంబు నా వాటాకొచ్చింది, నీకు తెలుసు. నీ తొట్టెల నాడు నీళ్ళు దాంట్లనే తెచ్చిన. మొన్న అటక మీదికెళ్ళి దించిన. అడుగున సొట్ట పడ్డది, నల్లగైంది. చింతపండు పట్టుకొని తోముదామని కూసున్న, చెయ్యి రాలే. అట్లనే వంటింటి గట్టు మీద పెట్టిన. మీ నాన్న రెండుసార్లు అడిగిండు, అదెందుకు దించినవని.

దసరాకు టికెట్ చేసుకున్నవా లేదా?

మీ అమ్మ