ఎన్ని బతికాయో చెప్పు

జయనగర్, బెంగళూరు
జూన్ 11

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మీ ఆఫీసువాళ్ళంతా మొక్కలు నాటిన ఫోటో చూశాం. ఒక్క బుల్లి మొక్క చుట్టూ ఆరుగురు! మీ అమ్మ మురిసిపోయి పక్కింటావిడకు కూడా చూపించింది. నాకు మాత్రం కెన్యాలో మొక్కలు నాటే ఉద్యమం నడిపిన వంగారి మాథాయ్ గుర్తొచ్చారు.

నీకు పాలపళ్ళు ఊడే వయసులో నేను నైరోబీలో రెండేళ్ళు లెక్కలు రాశాను కదా. ఆమెను చూసింది అక్కడే, ఒకే ఒక్కసారి, మొక్కలు నాటే చోట. అప్పుడు ఆమె పర్యావరణ శాఖ సహాయ మంత్రి. మంత్రి అంటే గుంత ముందే తవ్వి పెడతారు, ఎవరో చెంబు అందిస్తారు, అంతే అనుకున్నాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తోడారు. నన్నూ రమ్మన్నారు పక్కవాళ్ళు. కొత్త ప్యాంటు మాసిపోతుందని నేను వెనకే నిలబడిపోయాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

ఆమె గట్టి మనిషి. 1989లో నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కడతామంటే ఎదురు నిలిచారు. అధికారంలో ఉన్నవాళ్ళు ఆమెను నానా మాటలూ అన్నారు, భవనం మాత్రం లేవలేదు. 1999లో అక్కడి కరూరా అడవిలో మొక్క నాటబోతే కాపలా మనుషులు ఆమె తల పగలగొట్టారు. ఆ నెత్తురుతోనే పోలీసు ఫిర్యాదు మీద సంతకం చేశారట. 2004లో నోబెల్ శాంతి బహుమతి కబురు అందగానే ఆమె నాటింది నంది ఫ్లేమ్ మొక్క. మన వీధి మొదట్లో ఎర్రగా పూసే చెట్టు ఆ జాతిదే. దాని మొగ్గలు చిదిమి నువ్వు అందరి మీదా నీళ్ళు చిమ్మేదానివి. ఆ పూలు రాలి కారుకు అంటుకుంటున్నాయని మీ అమ్మ ఈ రోజు కూడా సణిగింది.

లెక్కలవాణ్ణి కదా, నా మనసుకు పట్టింది ఇంకొకటి. ఆమె మొక్కలు నాటడం మొదలుపెట్టింది కూడా జూన్ 5నే, 1977లో, ఏడు మొక్కలతో. నిలిచినవి రెండే. తర్వాత ఆమె నడిపిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో పల్లెటూరి ఆడవాళ్ళు నారు పెంచి నాటితే మొక్కకింతని చిల్లర ఇచ్చేవారు. అది నాటిన రోజున చేతికి రాదు. మొక్క బతికిందని చూశాకే ఇస్తారు. నోబెల్ నాటికి అలా నాటిన చెట్లు 3 కోట్లకు పైనే. నా ఉద్యోగమంతటిలో అంత నిక్కచ్చి పద్దు నేను చూడలేదు.

మీ ఫోటోలో కంచె కనబడలేదు, నీళ్ళ ట్యాంకరూ కనబడలేదు. వెక్కిరిస్తున్నానని అనుకోకు తల్లీ, ప్యాంటు చూసుకున్నవాడికి ఆ హక్కు లేదు. సంక్రాంతికి ఇంటికి బయలుదేరే ముందు ఒకసారి ఆ చోటికి వెళ్ళి, ఎన్ని బతికాయో లెక్కపెట్టి ఫోను చెయ్యి. ఎండిపోయినవి ఎన్నో కూడా చెప్పు.

మీ నాన్న