ముందు మేత, ఆ తర్వాతే పశువులు

సంపాదకులకు,

నడివయసులో నగరం వదిలి పశువుల ఫారం పెట్టుకున్నవారి గురించి పత్రికల్లో తరచు కథనాలు వస్తున్నాయి. అది మంచి నిర్ణయమే. కానీ ఆ కథనాల పక్కన వేసే ఫొటో దాదాపు ప్రతిసారీ వానల తర్వాత తీసిందే. మోకాలెత్తు గడ్డి, నిగనిగలాడే ఆవులు కనిపిస్తాయి. ఫారం నిలబడుతుందా లేదా అన్నది తేలేది ఎండు నెలల్లో. మూతపడిన ఫారాల లెక్క తీస్తే చాలాచోట్ల జరిగింది ఒకటే: పశువులు ముందొచ్చాయి, మేత కోసం వెతుకులాట తర్వాత మొదలైంది.

ఇది కాగితం మీద చేసుకోగల లెక్క. పశువు రోజూ తన బరువులో నూటికి 2.5 నుంచి 3 వంతుల ఎండు పదార్థం, అంటే మేతలో నీరు తీసేస్తే మిగిలేది, తినాలి. 400 కిలోల ఆవుకు కనీసం 10 కిలోలు. ఇరవై ఆవులకు రోజుకు 200 కిలోలు, పచ్చిక దొరకని 120 రోజులకు 24 టన్నులు. మూడో వంతు ఎండు పదార్థం ఉండే పాతర గడ్డి, అంటే గాలి చొరకుండా గుంతలో తొక్కి పులియబెట్టిన పచ్చిమేత (సైలేజి), రూపంలో అది సుమారు 72 టన్నులు. బాగా తొక్కిన గుంతలో ఘనమీటరుకు 600 కిలోలు పడుతుంది కాబట్టి 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, 20 మీటర్ల పొడవు గుంత కావాలి. పాడయ్యేదాన్ని కూడా లెక్కేసి పొడవు ఇంకో రెండు మూడు మీటర్లు పెంచాలి. గుంత వెడల్పు చేసి పొడవు తగ్గించే తప్పు చాలామంది చేస్తారు. తెరిచిన ముఖం నుంచి రోజుకు కనీసం 15 సెంటీమీటర్లు తీయకపోతే గాలి లోపలికి పాకి, రేపు తినాల్సిన గడ్డి ఈ రోజే వేడెక్కి బూజు పడుతుంది.

పాతర వేసేటప్పుడు గడ్డిలో తేమే ముఖ్యం. రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా నరికిన మేతను పిడికిట్లో అర నిమిషం గట్టిగా నొక్కి వదలండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ముద్ద వెంటనే రాలిపోతే మరీ ఎండినట్టు. నెమ్మదిగా విచ్చుకుంటే అదే అదను. పచ్చిది వేస్తే పులుపు వాసనకు బదులు కుళ్లిన వెన్న వాసన వస్తుంది, పశువు మూతి పెట్టదు. మరీ ఎండినది ఎంత తొక్కినా అణగదు. పొరపొరకీ ట్రాక్టరుతో తొక్కించి, పాలిథిన్ షీటు కప్పి, బరువు పెట్టి 45 రోజులు ముట్టుకోకూడదు. షీటుకు ఎలుక కొట్టిన చిన్న కన్నం చాలు, దాని చుట్టూ ఉన్న మేతంతా పారబోయాల్సిందే.

మేత కొరతలో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. నీటి ఎద్దడికి వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు సైనైడ్ విషం తయారుచేస్తాయి. ఆకలితో ఉన్న మందను అందులోకి వదిలితే నిమిషాల్లో పడిపోతాయి. పూతకు రాని జొన్నలోకి పశువును పోనివ్వకండి.

నీళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. మండే ఎండలో ఆవుకు 60 లీటర్లు కావాలి, పాలిచ్చేదైతే 100 దాటుతుంది. మోటారు కాలిపోయినా మూడు నాలుగు రోజులు గడిచేంత నిల్వ ఉండాలి.

ఇక కంచె. తీగ ఎంత మంచిదైనా మూల గుంజ కదిలితే వరుసంతా వదులవుతుంది. గుంజ పొడవులో మూడో వంతు భూమిలో ఉండాలి, మూలల్లో ఊత తప్పనిసరి. కరెంటు కంచె పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఎర్తింగే. రెండు మీటర్ల రాడ్లు కనీసం మూడు, మూడేసి మీటర్ల ఎడంలో దిగగొట్టాలి. నేల ఎండితే వాటి దగ్గర నీళ్లు పోయాలి. ఇంటి కరెంటును మాత్రం నేరుగా తీగకు ఎన్నడూ కలపొద్దు, అది మనుషుల్ని చంపుతుంది. ఆగి ఆగి క్షణకాలం మాత్రమే షాకు వదిలే ఎనర్జైజర్ వేరే దొరుకుతుంది, అదే వాడాలి.

పశువును కట్టి నిలిపే ట్రెవిస్ లేకుండా మంద తేవడం యాభై ఏళ్ల నడుముకు, మోకాళ్లకు మంచిది కాదు. సూది వేయాలన్నా, గిట్టలు చెక్కాలన్నా నలుగురు పట్టుకోవాలి, ఆ నలుగురు రోజూ దొరకరు. పశువుకు సరిగ్గా వెనక ఏముందో కనబడదు. భుజానికి వెనకగా, పక్కన నిలబడితే ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకొస్తే వెనక్కి తగ్గుతుంది. చేత్తో పాలు పట్టి పెంచిన ఆబోతు మచ్చికైందని నమ్మి ఒంటరిగా దొడ్లోకి వెళ్లకండి. మనిషంటే బెదురు లేనిదే ఎక్కువగా మీదికొస్తుంది. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే గర్భం పోయిన ఆవును, దాని మాయను చేతి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. అలా గర్భం పోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి మనిషికి సోకితే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు.

ఇవన్నీ అమరాకే కొనుగోలు. కొత్తవాటిని 30 రోజులు వేరే దొడ్లో, వేరే తొట్టితో ఉంచాలి. దాణా పది పద్నాలుగు రోజుల మీద కొద్దికొద్దిగా మార్చాలి. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త తిండికి అలవాటు పడడానికి అంత కాలం పడుతుంది. తొందరపడి గింజలు ఎక్కువ పెడితే కడుపు పులిసి పశువు కూలబడుతుంది. గొర్రెలు కూడా ఉంటే ఆవుల ఖనిజ మిశ్రమం వాటికి వేయొద్దు. అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోయి ప్రాణం తీస్తుంది.

ఆదాయం గురించి కూడా నిజం చెప్పాలి. ఈ రోజు పుట్టిన పెయ్య ఈని పాలివ్వడానికి రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది. ఎదకొచ్చిన ఆవును ఒకసారి గమనించకపోతే 21 రోజులు చేజారినట్టే. అందుకే రెండు మూడేళ్ల ఇంటి ఖర్చు ఫారం డబ్బుతో కలపకుండా పక్కన పెట్టుకోవాలి.

ఇకముందు ఇలాంటి కథనం వేసినప్పుడు రెండు వివరాలు కూడా అచ్చువేయమని మనవి: ఫొటో ఏ నెలలో తీశారు, ఆ రోజుకు పాతరలో ఎన్ని రోజుల మేత ఉంది.

ఇట్లు,
ఒక పశువైద్యుడు