రంగు మారే ఊలుతో శాలువా మొదలుపెట్టేవాళ్లకి

అక్కలకీ చెల్లెళ్లకీ నమస్తే. మెల్లగా రంగు మారే ఊలు ఉండలు తెప్పించుకున్నవాళ్లు సూదులు పట్టే ముందు ఇది చదవండి.

మెడ దగ్గర మొదలై కిందకి పెరిగే మూడుకోణాల శాలువాలో ప్రతి వరసకీ కుట్లు పెరుగుతూ పోతాయి. కిందకి వెళ్లేకొద్దీ అంతే పొడవు దారానికి తక్కువ వరసలే వస్తాయన్నమాట. మెడ దగ్గర జానెడు పరుచుకున్న రంగు, అంచుకొచ్చేసరికి సన్నటి చారగా సాగుతుంది. నాకైతే ముదురు రంగు అంచుకి రావడమే అందం. ఉండ లోపలి కొస, బయటి కొస రెండూ చూసుకుని, ఎటు నుంచి అల్లాలో ముందే తేల్చుకోండి.

మధ్యలో ముడి తగిలితే అవతల వేరే రంగు ఉండొచ్చు. అలాగే అల్లేయకండి. ముడి కత్తిరించి, రంగు కలిసేదాకా దారం లాగి అక్కడ అతకండి. మిగిలిన ముక్క కుచ్చులకి పనికొస్తుంది.

అచ్చం ఊలైతే వేడినీళ్లు, రుద్దడం అస్సలు వద్దు, ముడుచుకుపోతుంది. చన్నీళ్లలో నానబెట్టి, తువ్వాల్లో చుట్టి నొక్కి, చాప మీద గుండుసూదులతో సాగదీసి నీడనే ఆరనివ్వండి.

విజయనగరంలో ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం 5 గంటలకి గంటస్తంభం దగ్గర మా ఇంటికి ఉండలు పట్టుకుని రండి. శ్రీకాకుళం వాళ్లు ఫొటో పెట్టండి, రెండు కొసలూ కనబడేలా.