ఫారం పంపితే పొగ తగ్గదు

సంపాదకులు గారికి నమస్కారం.

'నెట్ జీరో', అంటే మేం వదిలే కార్బన్‌ను నికరంగా సున్నాకు తెస్తాం అంటూ పెద్ద కంపెనీలు ఇచ్చే ప్రకటనలు మీ పత్రికలో తరచూ చూస్తుంటాను. ఆ జీరో లెక్కలో చాలా భాగం మాలాంటి వాళ్ల షెడ్లలోనే తేలాలని బయటివాళ్లకు తెలియదు. నేను రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో పద్నాలుగు మందితో చిన్న మెషీన్ షాప్ నడుపుతున్నాను. నాలుగు లేత్‌లు, ఒక కంప్రెసర్, ఒక డీజిల్ జనరేటర్.

మేం పార్టులు చేసిచ్చే ఒక కంపెనీ ఆమధ్య ఎక్సెల్ ఫారం పంపింది. మీ కార్బన్ ఎంత, మూడేళ్లలో ఎంత తగ్గిస్తారు, వారంలో నింపి పంపండి అని. మా లెక్కల అమ్మాయికి ఒకటే టెన్షన్. కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు ముందేసుకుని కూర్చున్నాం. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్‌కు లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున లెక్కగట్టి పంపాం. అందిందన్న మాట కూడా రాలేదు. మరుసటి నెల పర్చేజ్ వాళ్ల నుంచి మాత్రం మెయిల్ వచ్చింది, రేటు 4 శాతం తగ్గించమని!

లెక్క అడగడం తప్పనను. షేర్ మార్కెట్‌లోని మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ వివరాలతో నివేదిక ఇచ్చి తీరాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఉక్కు, అల్యూమినియం దిగుమతులపై ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి కార్బన్ ఖర్చు వేస్తోంది. పైనుంచి ఒత్తిడి వాళ్లకూ ఉంది.

ఇంకో కస్టమర్ కంపెనీ సంగతి చెప్పాలి. వాళ్ల మెయింటెనెన్స్ ఇంజనీరు వేరే పనిమీద వచ్చి, టీ తాగుతూ, "ఆ బుస్సుమనే చప్పుడేంటి సార్?" అన్నాడు. ఏళ్ల తరబడి వింటున్నాం కాబట్టి మాకు వినపడదు. ఆదివారం లేత్‌లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపి, పైపుల జాయింట్లకు సబ్బునీళ్లు పూయించాడు. పదకొండు చోట్ల బుడగలు, అంటే గాలి కారిపోతోందన్నమాట! వాషర్లు మార్చి, 8 బార్ ఉన్న ప్రెషర్‌ను 7కు దించాం. ఒక్క బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటులో 6, 7 శాతం మిగులుతుందట. ఖర్చు రెండు వేలు దాటలేదు. ఆయన ఏ ఫారమూ నింపమనలేదు.

రవాణా మరీ అన్యాయం. స్టాకు పెట్టుకోవడం ఇష్టంలేక రోజుకో నాలుగు పెట్టెలు తెమ్మంటారు. మా వ్యాన్ సగం ఖాళీగా, పెద్ద ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ పారిశ్రామికవాడకు పోయి, పూర్తి ఖాళీగా తిరిగొస్తుంది. మా వీధిలోనే మరో ఇద్దరి వ్యాన్లూ అదే దారిన పోతాయి. కంపెనీ టైములు కలిపితే మూడు బండ్ల సరుకు ఒక్క బండిలో సర్దుకుంటుంది. ఈ నిర్ణయం మా చేతిలో లేదు.

చిత్తూరు వైపు మామిడిదీ ఇదే కథ. జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి, తోతాపురి ఎండకు మెత్తబడి పారబోతకు పోతుంది. టోకెన్ ఇచ్చిన రోజే దించుకుంటే ఆ కాయకు పెట్టిన నీళ్లు, ఎరువు, డీజిల్ వృథా కావు.

షెడ్డు మీద సోలార్ వేసుకోవచ్చుగా అంటారు. వేసుకుంటాం. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు కరెంటు ఆపి పవర్ హాలిడే ఇచ్చినప్పుడు జనరేటర్ తాగిన డీజిల్ నాకింకా గుర్తుంది. కానీ బ్యాంకులో మొదట అడిగేది ఆర్డర్ కాగితం. మూడు నెలల ఆర్డర్ చూపిస్తే ఏడేళ్ల అప్పు ఎవరిస్తారు? చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నుంచే చట్టం ఉంది. మాకు తొంభై రోజులకు వస్తే ఆ నెల పండగే.

కాబట్టి శ్రీసిటీలోని పెద్ద కంపెనీలకు నా విన్నపం. మూడేళ్ల ఆర్డర్ ఇవ్వండి, బిల్లు వేళకు చెల్లించండి, నెలకో రోజు మీ ఇంజనీరును మా షెడ్లకు పంపండి. వచ్చే ఏడాది ఫారంలో 'ఇందుకు మా నుంచి ఏం కావాలి?' అని ఒక గడి పెట్టండి. మా అమ్మాయి దాన్ని ఆ పూటే నింపి పంపుతుంది.

– ఒక చిన్న పరిశ్రమ యజమాని,
గాజులమండ్యం, తిరుపతి జిల్లా